ఎత్తైన కప్పుతో హాలు కట్టుకోవాలనుకునే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత ఇల్లు మొదలుపెట్టే కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు ముందుగా అడుగుతున్నది హాలు గురించే. "డబుల్ హైట్ పెట్టించాలా? వాలు కప్పు బాగుంటుందా? ఇటుక కమాను వేయించవచ్చా?" నా అభిప్రాయం మొదట్లోనే చెబుతాను. మన ఎండలకు ఎత్తైన హాలు మంచిదే. అయితే పైకి చేరిన వేడి గాలి బయటికి పోయే దారి, కప్పుకి ఎండ నుంచి రక్షణ, ఈ రెండూ ప్లాన్‌లో ఉండాలి. ఆ రెండూ లేని ఇరవై అడుగుల హాలు కంటే పదడుగుల మామూలు హాలులో హాయిగా కూర్చోవచ్చు. కింది జవాబులన్నీ ఈ దృష్టితో రాసినవే.

ఎత్తైన కప్పు అంటే డబుల్ హైట్ ఒక్కటేనా?

కాదు. మన దగ్గర ఎక్కువగా కడుతున్నవి నాలుగు రకాలు. ఒకటి, పై అంతస్తు స్లాబ్ వేయకుండా హాలు మీద ఖాళీ వదిలేసే డబుల్ హైట్. దీనికి పైన చదును స్లాబే ఉంటుంది, ఎత్తు 19 నుంచి 21 అడుగుల దాకా వస్తుంది. రెండోది వాలు కప్పు: రెండు వైపులా వాలి మధ్యలో కొప్పులా కలిసేది, లేదా ఒకే వైపు వాలేది. మూడోది ఇటుకతోనో మట్టి దిమ్మెలతోనో కట్టే అసలైన కమాను కప్పు. నాలుగోది మామూలు స్లాబ్ కింద జిప్సంతో కమాను ఆకారం తెప్పించే ఫాల్స్ సీలింగ్.

చూడటానికి అన్నీ "ఎత్తు"గానే కనిపిస్తాయి కానీ వేడి విషయంలో, ఖర్చు విషయంలో, బలం విషయంలో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మీకు కావాల్సింది ఏ రకమో ముందే తేల్చుకోండి.

పాత ఇళ్లు అంత చల్లగా ఎలా ఉండేవి? అది ఎత్తు వల్లేనా?

ఎత్తు అందులో ఒక భాగం మాత్రమే. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు గుర్తు తెచ్చుకోండి. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, లోపలికి వాలిన పెంకు కప్పు. వేడెక్కిన గాలి మండువా గుండా పైకి పోతుంది, నీడలో ఉన్న గదుల్లోకి బయటి గాలి వస్తుంది. దూలాలు, వాసాల మీద పరిచిన పెంకుల మధ్య సందులుంటాయి కాబట్టి కప్పు కూడా కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది. పైగా చాలా గదులకు అటక ఉండేది. ఎండ వేడి ముందు అటకలో ఆగిపోయేది.

మద్రాస్ టెర్రస్ ఇళ్లది మరో పద్ధతి. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలబెట్టి, సున్నంతో అతికి, పైన మందంగా సున్నపు కాంక్రీటు దట్టించేవాళ్లు. గోడలు అడుగున్నర మందం ఉండేవి. కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండి, వాటిని కింద నుంచే తాడుతో లాగి తెరిచేవాళ్లు. పాత బడులు, పాత ఆఫీసు బంగళాలు చూసినవాళ్లకు ఆ తాళ్లు తెలుసు.

ఇప్పటి డబుల్ హైట్ హాళ్లలో ఎత్తు వచ్చింది కానీ ఆ తాడు, ఆ వెంటిలేటరు పోయాయి. నాకు బాధ కలిగించేది ఇదే. పైభాగమంతా కదలని గాజు బిగించేస్తున్నారు.

అంటే ఎత్తు ఉంటే చల్లగా ఉంటుందన్న మాట తప్పా?

సగం నిజం. వేడి గాలి తేలిక కాబట్టి పైకి చేరుతుంది. కప్పు పదడుగుల్లో ఉంటే ఆ వేడి పొర మీ తల మీదే ఉంటుంది, ఇరవై అడుగుల్లో ఉంటే దూరంగా పోతుంది. కప్పు నుంచి నేరుగా ఒంటికి తగిలే సెగ కూడా కొంత తగ్గుతుంది. ఇంతవరకు లాభమే.

కానీ ఆ గాలి బయటికి పోకపోతే మధ్యాహ్నం నుంచి వేడి పొర కిందికి మందమవుతూ వస్తుంది. సాయంత్రానికి పై అంతస్తు వరండా, దాని పక్క బెడ్‌రూములు ఉడికిపోతాయి. డబుల్ హైట్ ఇళ్లలో "కింద పర్వాలేదు, పైన పడుకోలేకపోతున్నాం" అనే మాట తరచుగా వినిపించడానికి కారణం ఇదే.

పైన తెరుచుకునే కిటికీ, కింద గాలి వచ్చే కిటికీ రెండూ ఉంటే గాలి దానంతట అదే ప్రవహిస్తుంది. రెండింటి మధ్య ఎత్తు పెరిగే కొద్దీ ప్రవాహం పెరుగుతుంది. అయితే అది ఎత్తుకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే ఎత్తు నాలుగు రెట్లయితే గాలి రెండు రెట్లవుతుంది. తెరిచే విస్తీర్ణం రెట్టింపు చేస్తే మాత్రం గాలి నేరుగా రెట్టింపవుతుంది. కాబట్టి ఇంకో రెండడుగుల ఎత్తు కోసం ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బుతో ఇంకో రెండు వెంటిలేటర్లు పెట్టించడం తెలివైన పని.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు బయట 43 డిగ్రీలు, లోపల 36 డిగ్రీలు ఉన్నాయనుకోండి. అప్పుడు లోపలి గాలే చల్లన, అదే బరువు. పైనా కిందా తెరిచి ఉంచితే లోపలి చల్లటి గాలి కింద నుంచి జారిపోయి, పై నుంచి వేడి గాలి లోపలికి దిగుతుంది. ప్రవాహం తిరగబడుతుందన్నమాట. అందుకే పొద్దున తొమ్మిది లోపు అన్నీ మూసి, చీకటి పడి బయట చల్లబడ్డాక పైనా కిందా తెరవాలి. రాత్రంతా ఆ గాలికి గోడలు, స్లాబ్ చల్లబడతాయి. తెలంగాణలో, రాయలసీమలో రాత్రికి పగటికి తేడా ఎక్కువ కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆ తేడా తక్కువ, ఉక్క ఎక్కువ. అక్కడ ఎత్తు కంటే ఎదురెదురు కిటికీల్లోంచి వచ్చే గాలి ముఖ్యం.

పై వెంటిలేటర్లు ఎలాంటివి పెట్టించాలి?

తెరిచి మూయగలిగేవి. కింద నుంచి అందేలా పొడవాటి రాడ్డో, చేత్తో తిప్పే గేరో, మోటారో ఉండాలి. నిచ్చెన వేసుకుని తెరవాల్సిన కిటికీని నెల తిరిగేసరికి ఎవరూ తెరవరు. దోమతెర తప్పనిసరి, పావురాలున్న ఊళ్లయితే బయట జాలీ కూడా. స్థానం కప్పుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. పైన రెండడుగుల గోడ వదిలి కింద కిటికీ పెడితే ఆ రెండడుగుల్లో వేడి గాలి బందీ అయిపోతుంది.

పెద్ద గాజు కిటికీ ఎటు వైపు పెట్టాలి?

ఉత్తరం లేదా దక్షిణం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. డిసెంబరులో దక్షిణం వైపు దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందువల్ల దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ వేస్తే వేసవి మధ్యాహ్నపు ఎండ పడదు, చలికాలంలో కాస్త వెచ్చదనం వస్తుంది. ఉత్తరపు కిటికీ నుంచి రోజంతా మెత్తటి వెలుతురు వస్తుంది.

పడమర గురించి గట్టిగానే చెబుతాను. సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది, దాన్ని ఏ సజ్జా ఆపలేదు. పడమటి వైపు ఇరవై అడుగుల గాజు పెట్టించుకుని తర్వాత మందపాటి పరదాలు వేసుకునే ఇళ్లు ఎన్నో. రోడ్డు అటే ఉంది, ముఖద్వారం అటే ఉంది అంటే గాజు తగ్గించండి, బయట నిలువు పలకలు (ఫిన్‌లు) గానీ జాలీ గోడ గానీ పెట్టండి. మెట్లు, బాత్‌రూమ్, వార్డ్‌రోబ్‌లు పడమటి గోడకు చేరిస్తే హాలుకి అవే కవచమవుతాయి.

కప్పు మీద ఎండకి ఏం చేయాలి?

డబుల్ హైట్ హాలు మీద ఇంకో అంతస్తు ఉండదు కాబట్టి కప్పు మొత్తం ఎండలోనే ఉంటుంది. కాంక్రీటు పగలంతా వేడిని మింగి సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది, సరిగ్గా కుటుంబమంతా హాలులో కూర్చునే వేళకి.

అన్నిటికన్నా చవకది తెల్లటి పూత. కూల్ రూఫ్ పెయింట్ కానీ, తెల్లటి పింగాణీ ముక్కలు పరచడం కానీ చేయించవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. దానికంటే మెరుగైనది స్లాబ్ పైన ఇన్సులేషన్ బోర్డు వేసి దాని మీద టైల్స్ వేయడం. లోపలి వైపు కంటే స్లాబ్ పైన వేస్తేనే ఫలితం ఎక్కువ, ఎందుకంటే కాంక్రీటు వేడెక్కకుండానే ఆగుతుంది. వాలు స్లాబ్ అయితే పట్టీలు కొట్టి వాటి మీద మంగళూరు పెంకు పరచండి. పెంకుకీ స్లాబ్‌కీ మధ్య ఉండే ఆ రెండంగుళాల గాలి సందు చాలా వేడిని పట్టుకెళ్తుంది. పెంకుని సిమెంటుతో స్లాబ్‌కే అతికిస్తే అందం మాత్రమే మిగులుతుంది.

ఏసీ ఎలా లెక్కేసుకోవాలి?

16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న హాలు తీసుకుందాం. పదడుగుల ఎత్తులో 3,200 ఘనపుటడుగుల గాలి, ఇరవై అడుగుల్లో 6,400. అలాగని ఏసీ సైజు కచ్చితంగా రెట్టింపు కానక్కర్లేదు. చల్లటి గాలి బరువైనది కాబట్టి కిందే ఉంటుంది. మనకు కావాల్సింది కింది ఏడెనిమిది అడుగులే. స్ప్లిట్ యూనిట్‌ని ఎనిమిది అడుగుల ఎత్తులోపే బిగించి, గాలి అడ్డంగా పోయేలా చూడండి.

అసలు ఇబ్బంది పై అంతస్తుతో. హాలు పైకి తెరిచి ఉంటే పై అంతస్తులో వేసిన ఏసీ చల్లదనం వరండా నుంచి హాలులోకి జారిపోతుంది. పై బెడ్‌రూములకు తలుపులు బాగా పట్టేలా ఉండాలి. రోజూ ఏసీలో కూర్చుని టీవీ చూసే అలవాటున్న కుటుంబమైతే పెద్ద హాలుకి ఏసీ వద్దు, పక్కనే తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో చిన్న ఫ్యామిలీ గది కట్టుకోండి. కరెంటు బిల్లు విషయంలో ఈ ఒక్క నిర్ణయం మిగతా వాటన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఫ్యాను ఎక్కడ బిగించాలి?

రెక్కలు నేల నుంచి ఎనిమిది, తొమ్మిది అడుగుల మధ్య ఉంటేనే గాలి తగులుతుంది. ఇరవై అడుగుల కప్పు నుంచి అంటే దాదాపు పదకొండు అడుగుల రాడ్డు. అంత రాడ్డు ఊగుతుంది, చప్పుడు చేస్తుంది. హాలుని అడ్డంగా దాటే బీమ్ ఒకటి తొమ్మిదిన్నర, పదడుగుల్లో ఉంటే దానికి బిగించండి. లేదా గోడ ఫ్యాన్లు. వాలు కప్పుకి బిగించేటప్పుడు వాలుకి సరిపోయే బాల్ జాయింట్ ఉన్న హుక్కే వాడాలి, రెక్కల కొసకీ వాలుకీ మధ్య కనీసం అడుగున్నర ఖాళీ ఉండాలి.

మాది 200 గజాల స్థలం. డబుల్ హైట్ వేయించాలా?

నేనైతే వద్దంటాను. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు, సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోగా మిగిలేది ఎంతో కాదు. అందులో 320 చదరపు అడుగులు పైన ఖాళీ వదిలితే ఒక బెడ్‌రూమ్, దాని బాత్‌రూమ్ పోయినట్టే. పిల్లలు పెద్దయ్యాకో, ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉండాల్సి వచ్చినప్పుడో ఆ గది విలువ తెలుస్తుంది.

దీనికి మంచి మార్గాలు రెండున్నాయి. మొదటిది, హాలు స్లాబ్ ఒక్కటి 13 అడుగుల్లో, మిగతా గదులది పదడుగుల్లో వేయడం. పైన మూడడుగుల తేడాని ఆరు మెట్లు సరిచేస్తాయి. ఆ తేడాలోనే హాలుకి వెంటిలేటర్లు వస్తాయి. రెండోది, మెట్ల పక్కన ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మేర చిన్న ఖాళీ వదిలి, దాని మీద తెరుచుకునే కిటికీలున్న చిన్న మేడలాంటి గూడు పెట్టడం. వెలుతురు వస్తుంది, వేడి పోతుంది, గది పోదు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాస గదికి కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. వాలు కప్పు అయితే సగటున అంత రావాలి. పదకొండు నుంచి పదమూడు అడుగుల ఎత్తు మామూలు కుటుంబానికి ఎంతో హాయిగా ఉంటుంది. 300 గజాలు దాటి, పైన కావాల్సిన గదులన్నీ వచ్చాక కూడా చోటు మిగిలితే అప్పుడు డబుల్ హైట్ ఆలోచించండి.

అనుమతుల్లో ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

మొత్తం ఇంటి ఎత్తు చూసుకోవాలి. తెలంగాణలో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో త్వరగా అనుమతి వస్తుంది. మూడు అంతస్తులూ పన్నెండేసి అడుగులు వేస్తే 36 అడుగులు, అంటే దాదాపు పదకొండు మీటర్లు, ఆ పది మీటర్ల హద్దు దాటిపోతుంది. ఎత్తు పెరిగితే వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు కూడా మారతాయి. ఒక్క హాలుకే ఎత్తు ఇచ్చి మిగతావి తగ్గించడానికి ఇది ఇంకో కారణం.

హాలులో మాటలు ప్రతిధ్వనిస్తున్నాయి. ఎందుకు?

గాలి పరిమాణం పెరిగి, శబ్దాన్ని పీల్చే మెత్తటి వస్తువులు పెరగకపోవడం వల్ల. ఐదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవున్న హాలులో విట్రిఫైడ్ టైల్స్, నున్నటి గోడలు, కొద్దిపాటి సోఫాలు ఉన్నాయనుకుందాం. మూడు మీటర్ల ఎత్తులో శబ్దం ఆగడానికి ఇంచుమించు 1.4 సెకన్లు పడితే, ఆరు మీటర్ల ఎత్తులో రెండు సెకన్లు దాటుతుంది. కబుర్లకు అర సెకను దగ్గర ఉంటే బాగుంటుంది. చెవి సరిగా వినిపించని తాతయ్యకి, నాన్నమ్మకి ఈ గోల నరకం. మనం విసుక్కుంటాం, వాళ్లు మెల్లగా హాలులో కూర్చోవడమే మానేస్తారు.

గుండ్రటి కమానులు, గుమ్మటాలయితే శబ్దాన్ని ఒకచోటికి పోగుచేస్తాయి కూడా. గోల్కొండ కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం మనందరికీ తెలిసిందే. కోటకి అది కాపలా, ఇంటికి అది తలనొప్పి. అందుకే ఇంటి కమాను మధ్య బిందువు సరిగ్గా మనిషి కూర్చునే ఎత్తులో పడకుండా చూడాలి.

విరుగుడు కష్టమేమీ కాదు. మందపాటి తివాచీ, గుడ్డ సోఫాలు, పుస్తకాల అలమరా, ఒక పొడవాటి గోడకి పైభాగంలో శబ్దం పీల్చే ప్యానెల్స్, కప్పుకి రంధ్రాల జిప్సం బోర్డు లేదా చెక్క పట్టీలు వాటి వెనక రాక్‌వూల్. కట్టేటప్పుడే చేస్తే ఖర్చు తక్కువ.

వంటింటి ఘాటు పైకి పోతుందా?

పోతుంది. ఓపెన్ కిచెన్, డబుల్ హైట్ రెండూ కలిస్తే ఎండుమిర్చి తాలింపు వేసిన రెండు నిమిషాలకి పైన చదువుకునే పిల్లలు దగ్గుతారు. చేపల పులుసు, పచ్చడి నూరే ఇంట్లో వంటగదికి తలుపు ఉండాలి. గాజు జారుడు తలుపైనా చాలు. చిమ్నీ గొట్టం బయటికి పోవాలి, గాలిని వడకట్టి మళ్లీ లోపలికే వదిలేది మన వంటకి ఆగదు.

పిల్లర్లకి, గోడలకి ఎక్కువ బలం కావాలా?

కావాలి. ఈ విషయంలో మేస్త్రీ మాట సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క కావాలి. తొమ్మిదంగుళాల పిల్లరు పదడుగుల ఎత్తులో సాధారణంగా పొట్టి పిల్లరు కింద లెక్క. మధ్యలో ఏ బీమూ పట్టుకోకుండా అదే పిల్లరు ఇరవై అడుగులు నిలబడితే ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం) ప్రకారం సన్నటి పిల్లరు అవుతుంది. బీమ్‌ల పట్టుని బట్టి ఇంజనీర్ లెక్కగట్టే దాని పొడవుని (ఎఫెక్టివ్ లెంగ్త్) మందంతో భాగిస్తే వచ్చే సంఖ్య 12 దాటిపోతుంది. అప్పుడు బరువుకి అది పక్కకి వంగే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పిల్లరు సైజు పెంచడమో, పదడుగుల దగ్గర చుట్టూ టై బీమ్ వేయడమో చేస్తారు. ఇరవై అడుగుల ఇటుక గోడకి కూడా ఆ బీమ్ కావాల్సిందే. "వ్యూ పాడవుతుంది, బీమ్ తీసేయండి" అని మాత్రం ఇంజనీర్‌ని బలవంతపెట్టకండి.

నిజానికి ఆ బీమ్ హాలుకి అందం తెస్తుంది. ఎనిమిది, పదడుగుల దగ్గర ఒక అడ్డగీత ఉంటే గోడ మరీ పైపైకి పోతున్నట్టు అనిపించదు, కింద కూర్చున్న మనిషికి తన కొలతలో ఉన్న చోటు దొరుకుతుంది. దాని కింద వరకు ఒక రంగు, పైన ఇంకో లేత రంగు వేసి చూడండి.

ఇటుకతో నిజమైన కమాను కప్పు కట్టించవచ్చా? సిమెంటు, స్టీలు లేకుండా నిలుస్తుందా?

నిలుస్తుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర రామెసియం ఆలయం పక్కన పచ్చి ఇటుకలతో కట్టిన ధాన్యపు కొట్ల కమానులు సుమారు 3,200 ఏళ్లుగా ఉన్నాయి. ఇటుక నొక్కుడుకి ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. కమాను ఆకారం సరిగ్గా కుదిరితే దానిలో అంతా నొక్కుడే ఉంటుంది. ఆ ఆకారం ఏమిటో 1675లో రాబర్ట్ హుక్ చెప్పాడు: రెండు కొసలూ పట్టుకుని వేలాడదీసిన గొలుసు ఏ వంపు తిరుగుతుందో దాన్ని తలకిందులు చేస్తే అదే కమాను. పని జరిగేచోట ఇప్పటికీ గోడ మీద గొలుసు వేలాడదీసి గీత గీసుకుంటారు.

అసలు జాగ్రత్త గోడల విషయంలో. కమాను తన రెండు పక్క గోడల్నీ బయటికి తోస్తుంది. 3.6 మీటర్ల వెడల్పు హాలు మీద ఆరంగుళాల ఇటుక కమాను, చదరపు మీటరుకి 300 కిలోల బరువు, మధ్యలో 0.9 మీటర్ల ఎత్తు అనుకుంటే ప్రతి మీటరు గోడ మీదా దాదాపు 540 కిలోల తోపుడు పడుతుంది. అదే కమాను ఎత్తు 1.8 మీటర్లు చేస్తే తోపుడు సగమవుతుంది. కాబట్టి చదునైన కమాను కావాలంటే గోడలకి రింగ్ బీమ్, రెండు గోడల్నీ కలిపే ఇనుప టై రాడ్లు లేదా బయట ఆనింపు గోడలు ఉండాలి. టై రాడ్డు కంటికి అడ్డమని తీసేయించే వాళ్లున్నారు. అది ప్రాణాంతకం.

దీనికి మన ఊరి మామూలు మేస్త్రీలకి అనుభవం ఉండదు. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989లో మొదలైన ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఐదు శాతం సిమెంటు కలిపి నొక్కిన మట్టి దిమ్మెలతో ఇలాంటి కమానులు ఎన్నో కట్టింది, శిక్షణ కూడా ఇస్తుంది. ఈజిప్టు దక్షిణాన నూబియా మేస్త్రీల పద్ధతిలో ఒక్కో వరసనీ వెనక గోడకి కాస్త వాల్చి పేర్చుకుంటూ పోతే కింద సెంట్రింగ్ అక్కర్లేదు. అక్కడ నేర్చుకున్న బృందం దొరికితే ధైర్యంగా ముందుకెళ్లండి, దొరకకపోతే ఆగండి. నా మట్టుకు నాకు ఇళ్లలో ఇంతకన్నా ఇష్టమైన కప్పు లేదు. పొద్దుటి వెలుతురు కమాను మీద పాకుతుంటే ఆ గది రంగు గంటగంటకీ మారుతుంది.

కాస్త సులువైన దారి జాక్ ఆర్చ్. మూడు, నాలుగు అడుగులకో ఇనుప గర్డరు, వాటి మధ్య చిన్న ఇటుక కమానులు. పాత రైల్వే భవనాల్లో చూసే ఉంటారు. దీనికి కొసన ఉన్న గర్డర్లని టై రాడ్లతో కట్టడం మర్చిపోకూడదు.

జిప్సం కమాను సరిపోదా?

అందం కోసమే అయితే సరిపోతుంది. చుక్క నీరు కారినా మరక కనిపిస్తుంది కాబట్టి ముందు స్లాబ్ వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వానాకాలం గడిచాక వేయించండి.

తుఫాను ప్రాంతంలో వాలు కప్పు ఆగుతుందా?

విశాఖ, విజయవాడలకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులు, గాలి గురించిన భారత ప్రమాణం) ఇచ్చిన మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ విశాఖలో ఎన్ని అద్దాలు పగలగొట్టిందో ఆ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. గాలి వాలు కప్పుని కిందికి నొక్కడం కంటే పైకి లాగడం ఎక్కువ చేస్తుంది. పెంకుని మరలతోనో రాగి తీగతోనో పట్టీలకి బిగించాలి, చూరు దగ్గర, కొప్పు దగ్గర అన్నిటినీ. ఇనుప ట్రస్ (కప్పుని మోసే చట్రం) అయితే దాన్ని గోడలోని బీమ్‌కి బోల్టులతో కట్టాలి. చూరు రెండున్నర అడుగులకి మించి బయటికి పెంచకండి. ఎత్తైన గాజు ఒకే పలకగా కాకుండా చిన్న చట్రాలుగా విడగొట్టి, టఫెన్డ్ లేదా లామినేటెడ్ గాజు వాడండి.

వాలు కాంక్రీటు స్లాబ్‌లో ఇంకో చిక్కు, కాంక్రీటు కిందికి జారడం. వాలు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే పని సాఫీగా జరుగుతుంది. ముప్ఫై దాటితే పైన కూడా పలకలు కొట్టాలి. రెండు వాలులు లోపలికి కలిసే మూల నుంచే కారడం మొదలవుతుంది, వీలైతే ఆ మూలే లేని ప్లాన్ గీయించుకోండి.

పై వరండా రెయిలింగ్ ఎలా ఉండాలి?

మూడున్నర అడుగుల ఎత్తు, నిలువు చువ్వలు, చువ్వల మధ్య నాలుగంగుళాలకి మించని సందు. అడ్డ చువ్వలు వద్దే వద్దు, పిల్లలు వాటిని నిచ్చెనలా ఎక్కుతారు. రెయిలింగ్ పక్కన కుర్చీ, పూలకుండీ, బల్ల ఏవీ పెట్టకండి.

ఊయల వేలాడదీయాలనుంది. ఎత్తు నుంచి వేయవచ్చా?

గొలుసు పొడవు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది, విస్తారం పెరుగుతుంది. ఐదు మీటర్ల గొలుసు ఒకసారి వెళ్లి రావడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది, రెండున్నర మీటర్లదైతే మూడు సెకన్లే. అంత విస్తారంగా ఊగే బల్ల పక్కన టీపాయ్ ఉంచలేం. వరండా బీమ్ కింద పదడుగుల ఎత్తు నుంచి వేయడమే మేలు. హుక్కు స్లాబ్ కాంక్రీటు పోసే ముందే 16 మిల్లీమీటర్ల చువ్వతో బీమ్ ఇనుముకి చుట్టి ఉంచాలి. తర్వాత డ్రిల్ చేసి బిగించిన హుక్కు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి.

లైట్లు, బూజు, శుభ్రం సంగతి?

రోజువారీ లైట్లన్నీ ఏడెనిమిది అడుగుల ఎత్తులో గోడలకే ఉండాలి. ఇరవై అడుగుల కప్పులో దిగేసిన లైటు నేలకి చేరేసరికి పలచబడుతుంది, మాడిపోతే పరంజా కట్టాలి. షాండ్లియర్ పెడితే కిందికి దించే విన్చ్‌తో సహా పెట్టండి. ఇంట్లో ఉన్న బూజుకర్ర పన్నెండు అడుగులకి మించి అందదు. సాగే ఫైబర్ కర్ర కొనుక్కోవాలి, పండగ ముందు ఎవరు దులుపుతారో కూడా ఆలోచించుకోవాలి. పైన గూళ్లు, అలంకారపు అంచులు ఎంత తక్కువుంటే అంత సుఖం.

వాస్తు ప్రకారం డబుల్ హైట్ ఎక్కడ ఉండాలి?

నైరుతి బరువుగా, ఎత్తుగా ఉండాలనీ, ఈశాన్యం తేలికగా, తెరిచి ఉండాలనీ, మధ్యలో బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలనీ చాలామంది పాటిస్తారు. ఖాళీ భాగాన్ని ఈశాన్యంలోనో, ఉత్తరానో, మధ్యలోనో పెడితే ఆ నియమాలకీ సరిపోతుంది, పడమటి ఎండకీ దూరమవుతుంది. మండువా ఇల్లు సరిగ్గా అదే కదా.

అమెరికాలో మేం కొన్న ఇంట్లో ఫ్యామిలీ రూమ్ రెండంతస్తుల ఎత్తు ఉంది. ఇవే సూత్రాలు వర్తిస్తాయా?

ఎకో, ఘాటు, రెయిలింగ్ గురించి చెప్పినవన్నీ వర్తిస్తాయి. చలికాలంలో మాత్రం సమస్య తిరగబడుతుంది: హీటర్ వేడి అంతా పైకి పోయి కింద కాళ్లు చల్లబడతాయి. ఫ్యాను రెక్కలు తిరిగే దిశ మార్చే స్విచ్ ఉంటుంది, చలికాలంలో దాన్ని మార్చి నెమ్మదిగా తిప్పితే పైన చేరిన వేడి గోడల వెంట కిందికి దిగుతుంది. అక్కడి ఇళ్లలో కప్పు చెక్క ట్రస్‌లతో ఉంటుంది. మామూలు హాలుని వాలు కప్పుగా మార్చాలని ట్రస్‌లోని ఒక్క కర్ర కూడా కోయించకండి, ఇంజనీర్ కొత్త డిజైన్ ఇచ్చాకే ముట్టుకోవాలి.

ఇల్లు ఇప్పటికే కట్టేశాం, మే నెలలో హాలు ఉడికిపోతోంది. ఇప్పుడేం చేయగలం?

ముందు కప్పుకి తెల్లటి పూత వేయించండి, ఫలితం ఆ వారంలోనే తెలుస్తుంది. తర్వాత పడమటి గాజుకి బయటి వైపు నీడ కల్పించండి. వెదురు తడికైనా సరే, లోపలి పరదా కంటే మేలు, ఎందుకంటే ఎండ గాజుని దాటి లోపలికి వచ్చాక పరదా దాన్ని బయటికి పంపలేదు. మూడోది, పైన ఉన్న కదలని గాజుల్లో రెండింటిని తీయించి లూవర్లు (తెరిచి మూసే వాలు పలకలు) పెట్టించండి. అది కుదరకపోతే కప్పుకి దగ్గరగా గోడకి రంధ్రం కొట్టించి పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, టైమర్‌తో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తిరగనివ్వండి. ఆ గంటల్లో కింద ఉత్తరం వైపు కిటికీ ఒకటి గ్రిల్లుతో, దోమతెరతో తెరిచి ఉండాలి. గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది.